'ఫర్ గుడ్' అంటే మంచికేనా?

"మేడం, నాకు మంచి షిఫ్ట్ ఇస్తున్నరు!"

మాపు కర్ర గోడకి ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది అక్క. పొద్దున్న ఎనిమిదిన్నర. మాదాపూర్‌లో మా ఆఫీసు ఏడో అంతస్తు. అప్పటికింకా ఎవరూ రాలేదు. ఆ కాసేపే మా ఇద్దరికీ మాట్లాడుకునే టైము.

ఆవిడ మా అంతస్తులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఊరు పాలమూరు వైపు. కొండాపూర్ దగ్గర ఓ బస్తీలో ఒక్క గదిలో కాపురం. ఇద్దరు పిల్లలు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, అందుకే 'అక్కా' అంటాను. నన్ను 'మేడం' అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"ఎవరు చెప్పారక్కా?"

"ఎవరూ చెప్పలే. సూపర్‌వైజర్ సారు పెద్ద సారుతోని ఫోన్ల మాట్లాడుతుంటే విన్న. నా పేరు చెప్పిండు. షిఫ్ట్ అన్నడు, అవుట్ అన్నడు, లాస్ట్‌కు ఫర్ గుడ్ అన్నడు. గుడ్ అంటే మంచిదే కద మేడం? పొద్దుగాల డ్యూటీ తీసేసి పది గంటలకు ఏస్తడేమో. పిల్లలకు అన్నం పెట్టి, బడికి పంపి రావచ్చు."

ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాకేమో గుండెల్లో రాయి పడింది.

ఇంగ్లీషులో 'ఫర్ గుడ్' అంటే మంచి కోసం అని కాదు. 'ఇక ఎప్పటికీ', 'శాశ్వతంగా' అని. షిఫ్ట్, అవుట్, ఫర్ గుడ్... ఈ మూడూ కలిపితే, ఇక్కణ్ణుంచి ఆవిణ్ణి శాశ్వతంగా పంపించేస్తున్నారని. గుడ్ అన్న మాట ఉంది కానీ అందులో మంచి ఎక్కడా లేదు.

'అవునక్కా, మంచిదే' అనేసి తప్పించుకుందామా అని ఓ క్షణం అనిపించింది. నిజం చెప్పొద్దూ, చెప్పడానికి నోరు రాలేదు. "మధ్యాహ్నం మాట్లాడదాం" అని నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను. కంప్యూటర్ ఆన్ చేశానన్నమాటే గానీ మనసు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది.

నేనూ ఒకప్పుడు అంతే

మాది గుంటూరు జిల్లాలో ఓ పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేసి, 2003లో ఉద్యోగంలో చేరాను. గ్రామర్ బాగానే వచ్చు. టెన్సులు, ఆర్టికల్సు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇంగ్లీషు వచ్చేసిందనే అనుకున్నా.

మొదటి ఫోన్ మీటింగ్. అవతల లండన్ నుంచి ఓ పెద్దాయన. మేం పంపిన పని చూసి, "ఐయామ్ అఫ్రెయిడ్, వియ్ కాన్ట్ యాక్సెప్ట్ దిస్" అన్నాడు. పాపం, భయపడుతున్నాడు అనుకున్నాను. ధైర్యం చెప్పడం మన ధర్మం కదా! "డోన్ట్ బి అఫ్రెయిడ్ సర్, వియార్ హియర్" అన్నాను. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. ఆ తర్వాత నవ్వులు. ఆయన భయపడటం లేదు. 'ఏమీ అనుకోకండి, ఇది మేం ఒప్పుకోలేం' అని మర్యాదగా తిప్పికొట్టాడు. అంతే.

ఆ నవ్వు ఆర్నెల్లు నా నోరు మూసేసింది. ఆ తర్వాత ఏ మీటింగ్‌లో ఏం అర్థం కాకపోయినా తలూపడమే. ఎస్, ఓకే, ష్యూర్... ఈ మూడు మాటలతోనే కాలం నెట్టుకొచ్చాను.

ఊరికే తలూపితే ఏమవుతుందో కూడా త్వరలోనే తెలిసొచ్చింది. ఓ శుక్రవారం సాయంత్రం అమెరికా క్లయింట్ ఒకావిడ, "లెట్స్ టేబుల్ దిస్ రిపోర్ట్" అంది. రిపోర్ట్ టేబుల్ మీద పెట్టమంటోంది అనుకున్నా. సోమవారానికల్లా సిద్ధం చేయాలని రెండు రాత్రులు నిద్ర మానేశాను. అప్పుడే మా పాపకి జ్వరం. పిల్లని అత్తయ్య ఒళ్లో పడేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తీరా సోమవారం ఆవిడ ఆశ్చర్యపోయింది. "వాయిదా వేద్దామన్నాను కదా!" అంది.

అసలు తిరకాసు ఏంటంటే, 'టేబుల్' అంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను పక్కన పెట్టేయడం. మాట ఒకటే, అర్థాలు తూర్పూ పడమరా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రెండు దేశాల సైనికాధికారులు కూడా ఈ మాట మీదే చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లే తికమకపడ్డారని ఆ రోజు నాకు తెలిసుంటే అంత ఏడ్చేదాన్ని కాదేమో!

ఉన్న చోటి పేరే తెలీదు

మాటలదాకా ఎందుకు, మేం రోజూ పనికెళ్లే చోటి పేరే చూడండి. హైటెక్ సిటీ అంటే 'హై టెక్నాలజీ' ఉన్న సిటీ అనే చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. కానీ అది పొడి అక్షరాలతో అల్లిన పేరు. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ... ఇదీ దాని నిండు పేరు. ఇక్కడి మొదటి భవనం సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అంతకుముందు ఇక్కడ బండరాళ్లు, తుప్పలు. చెప్పుకోదగ్గదంటూ ఉంటే 1990లలో మొదలైన శిల్పారామం.

మరి సైబరాబాద్? ఆ 'సైబర్' ఎక్కడిదో తెలుసా? 1948లో నార్బర్ట్ వీనర్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త సైబర్నెటిక్స్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు. దానికి మూలం ఓ గ్రీకు మాట. అర్థం, పడవ చుక్కాని పట్టేవాడు. అంటే మనందరం పడవ నడిపేవాడి ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్నామన్నమాట!

నోట్లో నాలుక లేని పిల్ల

విడివిడిగా ప్రతి మాటకీ అర్థం తెలిసినా, అన్నీ కలిస్తే ఎందుకు తెలియదు? జాతీయాల సంగతే అంత. మన తెలుగే తీసుకోండి. పెళ్లిచూపుల్లో "మా అమ్మాయికి నోట్లో నాలుక లేదండీ" అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న విదేశీయుడెవరైనా వింటే అయ్యో పాపం, డాక్టరుకి చూపించారా అని అడుగుతాడు. 'కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నాడు' అంటే బలపాలు వెతుకుతాడు. 'చెవిలో పువ్వు పెట్టాడు' అంటే ఏ పువ్వని అడుగుతాడు.

ఇంగ్లీషూ అంతే. 'పీస్ ఆఫ్ కేక్' అంటే తినే కేకు కాదు, మనం 'నల్లేరు మీద బండి నడక' అంటామే, అది. 'అవుట్ ఆఫ్ ద బ్లూ' అంటే నీలం రంగులోంచి కాదు, ఊహించని విధంగా ఊడిపడటం. 'బ్రేక్ ఎ లెగ్' అన్నారని కోపం తెచ్చుకోకండి. స్టేజీ ఎక్కేవాళ్లకి చెప్పే ఆల్ ద బెస్ట్ అది. కాలు విరగ్గొట్టుకోమని కాదు!

మనదొకటి, వాళ్లదొకటి

ఇంకో రకం మాటలున్నాయి. మనం వాడితే ఒక అర్థం, అవతలివాళ్లు వింటే ఇంకో అర్థం. ఆఫీసు గొడవలు సగం వీటివల్లే అంటే నమ్మండి.

డౌట్: క్లాసులో చెయ్యెత్తి "ఐ హ్యావ్ ఎ డౌట్" అనడం మనకి చిన్నప్పటి అలవాటు. మన ఉద్దేశం, ఒక ప్రశ్న ఉందని. అమెరికావాళ్ల చెవికి 'మీరు చెప్పేది నేను నమ్మడం లేదు' అన్నట్టు వినిపిస్తుంది. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అంటే ఏ గొడవా ఉండదు.

పాస్డ్ అవుట్: "2001లో కాలేజీ నుంచి పాస్డ్ అవుట్" అని మన పిల్లలు రెజ్యూమెలో రాస్తారు. బయటివాళ్లకి మామూలుగా అది స్పృహ తప్పి పడిపోవడం. మిలిటరీ శిక్షణ పూర్తి చేసినవాళ్లకి మాత్రం బ్రిటన్‌లోనూ ఆ మాట చెల్లుతుంది. 'గ్రాడ్యుయేటెడ్' అంటే ఎక్కడైనా సరిపోతుంది.

హోమ్లీ: ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. పెళ్లి ప్రకటనల్లో 'హోమ్లీ గర్ల్ కావలెను' అని చూస్తుంటాం కదా! మన లెక్కలో ఇంటిపట్టున ఉండే అణకువైన పిల్ల. బ్రిటన్‌లో హాయిగా, సొంత ఇంట్లో ఉన్నట్టుండే చోటుని హోమ్లీ అంటారు. అమెరికాలో మాత్రం 'అంత అందగత్తె కాదు' అని అర్థం. అమెరికా సంబంధానికి ఫోటోతో పాటు ఈ మాట కూడా రాసి పంపామనుకోండి... ఇక చెప్పేదేముంది!

రివర్ట్: "రేపు రివర్ట్ అవుతాను" అంటే మన ఆఫీసుల్లో జవాబిస్తానని. అసలు అర్థం పాత స్థితికి వెళ్లడం. సాఫ్ట్‌వేర్ పనిలోనైతే చేసిన మార్పుని వెనక్కి తీసేయడం. ఈ మాట పట్టుకుని, రాత్రంతా కష్టపడి చేసిన పనిని తీసి పారేసే ప్రమాదమూ ఉంది. 'రిప్లై' అంటే పోలా!

డూ ద నీడ్‌ఫుల్: 'అవసరమైనది చేయగలరు' అని. ఇది తెల్లవాళ్ల కాలంలో వాళ్లు వాడిన మాటే. వాళ్లు దాదాపు వదిలేశారు, మనం భద్రంగా దాచుకున్నాం. తప్పేం కాదు గానీ విన్నవాళ్లకి తాతగారి ఉత్తరంలా ఉంటుంది.

ప్రీపోన్: పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రీపోన్ ఎందుకుండకూడదు? ముందుకు జరపడానికి మనం వాడే ఈ మాటని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా భారతీయ ఇంగ్లీషుగా చేర్చుకుంది. కాబట్టి దీనికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

కారిడార్ కబుర్లు

ఇక మా ఐటీ కారిడార్‌లో పొద్దున లేస్తే వినిపించేవి. ఇంట్లో పిల్లలో, అల్లుడో ఫోన్లో మాట్లాడుతుంటే మీ చెవినా పడే ఉంటాయి.

'బెంచ్ మీద ఉన్నాడు' అంటే బడిలో గోడకుర్చీ లాంటి శిక్ష కాదు. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, చేతిలో ప్రాజెక్టు లేదు. ఆటల్లో అదనపు ఆటగాళ్లు బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తారే, అక్కణ్ణుంచి వచ్చింది. వినడానికి హాయిగా ఉన్నా, ఆ బెంచీ మీద ఎక్కువ రోజులు కూర్చున్నవాళ్లకి నిద్ర పట్టదు.

'బ్యాండ్‌విడ్త్ లేదు' అంటే ఇంటర్నెట్ పాడైందని కాదు, 'నాకు తీరిక లేదు' అని. 'టచ్ బేస్' అంటే ఓసారి పలకరించుకుందామని. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు లెక్క. ఈ రెండూ అమెరికావాళ్ల బేస్‌బాల్ ఆటలోంచి వచ్చాయి. 'హెడ్స్ అప్' అంటే తలెత్తమని కాదు, ముందుగా చెవిన వేయడం.

'డెడ్‌లైన్' కథ తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1864లో, అమెరికా అంతర్యుద్ధం నాటి మాట. జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో గోడకి కాస్త లోపలగా ఓ హద్దు గీత ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవారు. అదీ అసలు డెడ్‌లైన్! తర్వాత పత్రికలవాళ్లు దాన్ని గడువు అనే అర్థంలో వాడటం మొదలెట్టారు. మా మేనేజర్ 'డెడ్‌లైన్ దాటకూడదు' అన్నప్పుడల్లా నాకా గీతే గుర్తొస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పుని 'బగ్' అంటారు, అంటే పురుగు. 1947లో అమెరికాలో హార్వర్డ్ వాళ్ల మార్క్ టూ కంప్యూటర్‌లో నిజంగానే ఓ రెక్కల పురుగు దొరికింది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అంటించి పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది. కాకపోతే యంత్రంలో లోపాన్ని బగ్ అనడం అంతకుముందు ఎడిసన్ కాలం నుంచే ఉంది.

అన్నింటికంటే భయపెట్టేది 'లెట్ గో'. 'వియ్ హ్యావ్ టు లెట్ యు గో' అంటే ఇంటికి వెళ్లనిస్తున్నాం అని కాదు, ఉద్యోగం తీసేస్తున్నామని. చూశారా, మనసు నొచ్చుకునే సంగతులకే ఇంగ్లీషులో మెత్తటి మాటలు ఎక్కువ. వినేవాళ్లు ఆ మెత్తదనం చూసి మోసపోతారు. సరిగ్గా అక్క మోసపోయినట్టే.

అక్కకి చెప్పాను

మధ్యాహ్నం పాంట్రీలో ఇద్దరం కూర్చున్నాం. అక్క జొన్నరొట్టె విప్పింది. "అక్కా, పొద్దున నువ్వు చెప్పినదానికి అర్థం వేరేమో. ఫర్ గుడ్ అంటే మంచి అని కాదు. ఇక మళ్లీ రాకుండా అని. నువ్వు విన్నది సరిగ్గా విన్నావో లేదో తెలియదు. ఒక్కసారి సూపర్‌వైజర్‌ని అడుగు" అన్నాను.

రొట్టె తుంచబోయిన చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మంచిగైంది మేడం, చెప్పినవు. లేకుంటే ఒకటో తారీఖున వస్తే గేటు కాడనే ఆపుతుండె. అందరి ముంగట" అంది.

సాయంత్రం అడిగింది. నిజమే. మా కంపెనీ రెండు అంతస్తులు ఖాళీ చేస్తోంది, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారు. నలుగురు హౌస్‌కీపింగ్ వాళ్లని తగ్గిస్తున్నారు. నెలాఖరు దాకా గడువు. వాళ్లలో అక్క ఒకతి. మిగతా ముగ్గురికీ ఆ సంగతి ఇంకా తెలియదు. అక్కే వెళ్లి చెప్పింది.

అర్థం తెలిసినంత మాత్రాన ఉద్యోగం నిలబడలేదు. ఆ మాట దాచుకోకుండా చెప్పాలి. కానీ పన్నెండు రోజులు చేతిలో మిగిలాయి. ఆ పన్నెండు రోజుల్లో జీతం స్లిప్పులు అడిగి తీసుకుంది. పీఎఫ్ నంబరు కాగితం మీద రాయించుకుంది. యూఏఎన్ అంటారు దాన్ని. ఏజెన్సీ మారినా ఆ నంబరు మారదు. చివరి నెల జీతం ఎప్పుడిస్తారో ముగ్గురి ముందూ చెప్పించుకుంది. బస్తీలో ఒకావిడ ద్వారా నానక్‌రాంగూడలో ఇంకో భవనంలో పని చూసుకుంది. అక్కడ జీతం కాస్త తక్కువే. అయినా నెల ఖాళీగా పోలేదు, పిల్లల ఫీజు ఆగలేదు.

ఒక్క మాటకి అర్థం తెలియడం వల్ల పన్నెండు రోజులు. ఇంగ్లీషు చదువుల మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను గానీ, ఇంతకంటే గట్టిగా చెప్పింది ఏదీ లేదు.

అడిగితే పోయేదేముంది?

నన్ను ఆర్నెల్లు నోరు మూయించింది ఇంగ్లీషు కాదు, సిగ్గు. అక్క నాకంటే నయం. తెలిసినంత తెలిసింది, మిగతాది నోరు విప్పి నాతో పంచుకుంది. ఆవిడ ఆ రోజు నోరు మూసుకుని మురిసిపోయి ఉంటే?

అడగడం చిన్నతనం అనుకునేవాళ్లు సి.పి. బ్రౌన్‌ని తలుచుకోండి. ఉద్యోగం చేయడానికి 1820లో కడపకి వచ్చిన తెల్ల దొర. తెలుగు మాటలకి అర్థాలు పండితుల్నీ అడిగాడు, మామూలు జనం వాడే మాటలూ పోగేశాడు. 1852 నాటికి నిఘంటువు అచ్చులోకి వచ్చింది. మన భాష మనల్ని అడిగి నేర్చుకోవడానికి ఆయనకి లేని నామోషీ, వాళ్ల భాష అడగడానికి మనకెందుకు? ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించడానికే 1958లో మన హైదరాబాద్‌లో ఓ సంస్థ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. అంటే పంతుళ్లకే పాఠాలు అవసరమైన భాష ఇది!

నాకు పనికొచ్చిన నాలుగు చిట్కాలు చెప్తాను.

ఒకటి, తెలిసిన మాటలే ఉన్నా మొత్తం వాక్యం అతకలేదంటే అది జాతీయం అయ్యుంటుందని అనుమానించండి. భయపడాల్సిన చోట ఎవరూ భయపడటం లేదంటే ఆ 'అఫ్రెయిడ్' భయం కాదన్నమాట.

రెండు, "కుడ్ యు ప్లీజ్ సే దట్ ఇన్ ఎ డిఫరెంట్ వే?" అని అడగండి. ఇంకోలా చెప్పమని. ఎవరూ తప్పు పట్టరు. లేదా మీకు అర్థమైనది మీ మాటల్లో తిరిగి చెప్పి "అంతేనా?" అనండి. నా టేబుల్ కథలో ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే రెండు రాత్రుల నిద్ర మిగిలేది.

మూడు, డిక్షనరీలో ఒక్క మాట దగ్గరే ఆగిపోకండి. 'గుడ్' కింద కాస్త కిందికి వెళ్తే 'ఫర్ గుడ్' ఉంటుంది. మంచి డిక్షనరీలన్నీ జాతీయాల్ని ఆ మాట కిందే ఇస్తాయి.

నాలుగు, ఇది మన పనిమనుషులకీ, వాచ్‌మన్ భార్యకీ కూడా చెప్పండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఫోన్లో ఫోటో తీసుకుని, చదువుకున్నవాళ్లెవరికైనా చూపించి, అప్పుడు పెట్టమనండి. మనల్ని అడిగితే విసుక్కోకుండా చెబుదాం. అది మనం చేయగలిగిన సాయం, పైసా ఖర్చు లేనిది.

అన్నట్టు, మాటలు అటు నుంచి ఇటే రావడం లేదండోయ్. ఇంగ్లీషులో పెద్ద ఎలుకని 'బాండికూట్' అంటారు. అది మన పందికొక్కే! ఈ సంగతి చెప్పినప్పుడు అక్క కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఏం తీస్కపోయిన్రు మేడం, పందికొక్కునా!" అని.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పి, కొత్త చోటి కబుర్లు అన్నీ అయ్యాక అడిగింది.

"మేడం, గీడ కాగితం మీద 'ప్రొబేషన్' అని ఉంది. సంతకం పెట్టమంటున్నరు. పెట్టలే. గదేందో చెప్తే పెడత."